నేను హోల్డ్ పెట్టిన కూలి

ఊరికే వచ్చే డబ్బు మనిషిని చెడగొడుతుందని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. నలుగురికీ చెప్పాను, అర్జీలు రాశాను, చేతిలో ఉన్న కాస్త అధికారాన్ని ఆ నమ్మకం ప్రకారమే వాడాను. అనంతపురం జిల్లాలో ఒక గ్రామీణ బ్యాంకు శాఖకు మేనేజరుగా ఉండేవాణ్ణి. పల్లెల్లో ఆ కుర్చీలో కూర్చున్నవాడి అభిప్రాయం అతని దగ్గరే ఉండిపోదు. ఎవరో ఒకరి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలుగుతుందా లేదా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. నా తెలివితక్కువతనం వల్ల వెలగని పొయ్యిలున్నాయి. పేదవాళ్ళకు పని చూపించాలా, నగదు ఇవ్వాలా, బియ్యం ఇవ్వాలా అని చర్చ వచ్చినప్పుడల్లా నేను ఒకప్పుడు అన్న మాటలే ఇంకెవరో అంటూ ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఉపాధి హామీ మా జిల్లాలోనే మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లికి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి దేశం మొత్తానికి దాన్ని అక్కడ ప్రారంభించారు. తొలి విడతలో 200 జిల్లాలు, 2008 నాటికి పల్లెలున్న జిల్లాలన్నీ. 2005లో చేసిన ఆ చట్టం సూటిగానే ఉండేది. పల్లెలో ఏ కుటుంబమైనా పని అడిగితే ఏడాదికి 100 రోజులు చూపించాలి. అడిగిన 15 రోజుల్లోగా చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే రేటు. కాంట్రాక్టరు ఉండకూడదు. మా ఊళ్ళలో ఎవరూ ఆ పేరు పూర్తిగా పలకలేదు, కరువు పని అన్నారు. కరువు పనులు మాకు తాతల నాటినుంచీ తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మాది. గంజి కేంద్రాలు నడిచిన జిల్లా. కాకపోతే పాత కరువు పనులు, పైవాళ్ళు దయతలిచి మా మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే వచ్చేవి. ఇప్పుడు కూలిమనిషి అర్జీ పెట్టి అడిగితే రావాలి. ఈ తేడా ఎంత పెద్దదో చదువుకున్న నాకు బోధపడలేదు. మా చేలో కలుపుకొచ్చే ఆడవాళ్ళకు వెంటనే బోధపడింది.

మాకు పన్నెండెకరాల ఎర్రనేల. తమ్ముడు చూసుకునేవాడు. వర్షాధారంగా వేరుశనగ వేసేవాళ్ళం. కలుపుకు ఆడకూలి 40 రూపాయలు ఇచ్చేవాళ్ళం. కరువు పనిలో రేటు 80. రెండో ఏడాది కలుపు సమయానికి ముఠా పెద్దావిడ మా ఇంటి ముందు నిలబడి, "ఈ తూరి డెబ్బై ఇస్తేనే వస్తాము సామీ" అంది. అరవలేదు, బతిమాలలేదు. ఆ మాట మామూలుగా అన్నందుకే మాకు కోపం వచ్చింది.

తమ్ముడు నేరుగా బ్యాంకుకే వచ్చాడు. "కూలోళ్లు చెడిపోయినారన్నా. గట్టున కూచోని మస్టర్లో పేర్లేయించుకుంటాండారు. సేద్యం ఎవరు చేస్తారింక?"

ఆ సాయంత్రం నలుగురు రైతులు కూడారు. సేద్యం రోజుల్లో కరువు పని నిలిపేయాలని మండలాఫీసుకు అర్జీ రాసింది నేనే. "శ్రామికులలో సోమరితనం ప్రబలుచున్నది" అన్న వాక్యం నాదే. వేరేవాళ్ళు చెబితే రాసింది కూడా కాదు, నేను ఆలోచించి పెట్టిన వాక్యం.

ఆ అర్జీ రాసిన బల్ల మీదే నా మాటకు జవాబు ఉంది. మండలంలో కొన్ని ఊళ్ళ కూలి మా శాఖ ద్వారానే పడేది. ఏ నెలలో ఎంత పడిందో ఖాతాలు తిరగేస్తే తెలిసేది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో కూలి జమలు గుంపులుగా ఉండేవి. విత్తనం పడి కలుపు మొదలయ్యే జూలై, ఆగస్టుల్లో పలచబడేవి. అంటే సేద్యం రోజుల్లో వాళ్ళు మా చేలల్లోనే ఉన్నారు. కరువు పని ఉన్నది ఎక్కువగా ఎండాకాలం, మా చేలల్లో ఎవరికీ పని దొరకని కాలంలోనే. లెక్కలు చూడటమే నా ఉద్యోగం. అప్పడిగిన రైతు చెప్పిన మాటను అడంగల్‌తో, పాసుపుస్తకంతో సరిపోల్చుకోకుండా సంతకం పెట్టినవాణ్ణి కాను. మా తమ్ముడి మాటను మాత్రం దేనితోనూ సరిపోల్చుకోలేదు. అది నాకు అనుకూలమైన మాట.

కూలి పెరిగింది, ఆ సంగతి నిజమే. మేము ఆఖరికి 65 దగ్గర ఒప్పుకున్నాం. అదివరకు 40 ఎందుకిచ్చామంటే, వాళ్ళకు ఇంకో దారి లేదు కాబట్టి. ఇది నాకు చాలా ఆలస్యంగా ఒక పరిశోధన చదివితే గాని తలకెక్కలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలిని, పెన్షన్లను వేలిముద్రతో చెల్లించే స్మార్ట్‌కార్డుల మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ పెద్ద అధ్యయనం చేశారు. 8 జిల్లాల్లో 157 మండలాలు తీసుకున్నారు, అందులో మా అనంతపురం కూడా ఉంది. కార్డులు ముందు వచ్చిన మండలాల్లో కూలి త్వరగా అందింది, మధ్యలో జారిపోయే డబ్బు తగ్గింది. పేద ఇళ్ళ ఆదాయం పెరిగింది. ఆ పెరిగినదాంట్లో సింహభాగం ఉపాధి కూలి నుంచి వచ్చింది కాదు. బయట చేలల్లో, ఇతర పనుల్లో కూలి రేటు పెరిగి వచ్చింది. బయటి పనులకు పోవడం కూడా తగ్గలేదు. ప్రభుత్వం సకాలంలో డబ్బిచ్చే పని ఒకటి ఊళ్ళో ఉంటే, ఆ పనికి పోనివాడికి కూడా మేలు జరిగింది. పేదవాడికి అందిన బేరమాడే శక్తిని నేను సోమరితనం అని పిలిచాను. పిలిచి, ప్రభుత్వానికి రాసిచ్చాను.

ఇంతవరకూ నాది నోటి తప్పు. చేతితో చేసింది వేరే ఉంది.

2014 ఎన్నికల ముందు డ్వాక్రా అప్పులు మాఫీ అన్నారు. మాఫీ అవుతాయేమోనని చాలా సంఘాలు కంతులు కట్టడం ఆపేశాయి. కట్టడం ఆపినవాళ్ళను తప్పుపట్టలేం, హామీ ఇచ్చింది వాళ్ళు కాదు. బ్యాంకుల్లో మాత్రం బకాయిలు పేరుకున్నాయి. ప్రతి సమావేశంలో మేనేజర్లను నిలబెట్టి బకాయిల అంకెలు చదివించేవాళ్ళు. 2016 ఎండాకాలంలో నేనొక ఉపాయం కనిపెట్టాననుకున్నాను. బకాయి ఉన్న సంఘాల సభ్యుల సొంత ఖాతాలన్నింటికీ హోల్డ్ పెట్టాను. కంప్యూటర్లో అది పెద్ద పనేం కాదు. ఖాతా నంబరు కొట్టి, మొత్తం వేసి, ఒక మీట నొక్కితే చాలు. డబ్బు జమ అవుతుంది, పాసుపుస్తకంలో అచ్చవుతుంది, చేతికి మాత్రం రాదు. ఉపాధి కూలిని అప్పుకింద ఆపకూడదని పైనుంచి చెబుతూనే ఉన్నారు. నాకు తెలుసు. వాళ్ళు కంతు కట్టగానే తీసేస్తాం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ మే నెలలో మా పక్కూరి గుట్ట మీద కందకాలు తవ్వారు. రాళ్ళనేల. తెల్లవారి ఆరింటికల్లా పలుగూ పారా తట్టా పట్టుకుని గుట్టెక్కితే ఎండ ముదిరేలోపు దిగాలి. కొలతలకే కూలి. పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలిచి లెక్క కడతారు. నేల గట్టిదైతే ఒళ్ళు హూనమైనా కొలత రాదు, కొలత రాకపోతే పూర్తి రేటు పడదు. ఇన్నేళ్ళు గట్టున కూర్చుని పేర్లేయించుకుంటున్నారని చెప్పిన నేను ఆ గుట్ట ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉండవచ్చు. పాసుపుస్తకాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి తెచ్చింది. క్యాషియరు నా దగ్గరికి పంపాడు.

"కూలి పడినాదంట సామీ. ఫీల్డ్ అసిస్టెంటు చెప్పినాడు."

"పడింది. మీ సంఘం కంతులు ఆగిపోయాయి కదా. అవి కట్టినాక తీసుకో."

ఆమె పాసుపుస్తకం తెరిచి, అచ్చయిన వరస మీద వేలుపెట్టి నావైపు తిప్పింది. రెండు వేల చిల్లర ఉంది. చదువు రాదు, అంకె మాత్రం గుర్తుపడుతుంది. ఆ వేలి గోరు కింద చీలిన చోట ఎర్రమట్టి ఇంకా పోలేదు.

"సంఘం అప్పు సంఘం కట్టాల గదా సామీ. ఇది నేను మన్ను మోసిన దుడ్డు."

"అప్పు తీసుకునేటప్పుడు తెలియదా?" అన్నాను.

ఆమె ఇంకేం మాట్లాడలేదు. పాసుపుస్తకాన్ని మళ్ళీ కవర్లో చుట్టుకుని పోయింది. క్యాషియరు నావైపు చూడకుండా నోట్లు లెక్కపెడుతున్నాడు. అతను నాకంటే చిన్నవాడు, ఏమీ అనలేడు. ఆ రోజు నా బకాయిల వసూలు బాగుంది. దాన్ని పై ఆఫీసుకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను కూడా.

కొన్ని వారాల తర్వాత హోల్డులు తీసేశాను. మనసు మారి తీయలేదు, పైనుంచి గట్టిగా అడిగితే తీశాను. అప్పటికి ఆ అమ్మాయి మొగుడితో కలిసి బెంగళూరు పోయింది. ఇంట్లో గింజలు లేక వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు లెక్కన అప్పు తెచ్చారని, అది తీర్చడానికి కట్టడం పనికి పోయారని, ఇద్దరు పిల్లల్ని అవ్వ దగ్గర వదిలిపెట్టారని క్యాషియరే చెప్పాడు. వలస ఆపడానికి పెట్టిన పథకం కూలిని ఆపి నేనే ఒక ఇంటిని వలస పంపాను.

అదే కాలంలో నేను ఇంకో పోరాటంలో ఉన్నాను. గ్రామీణ బ్యాంకుల ఉద్యోగులకు వాణిజ్య బ్యాంకులవాళ్ళతో సమానంగా పెన్షన్ ఉండేది కాదు. ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడాం. నేనూ చందాలిచ్చాను, ధర్నాల్లో కూర్చున్నాను. జీవితమంతా పనిచేసినవాడు ముసలితనంలో ఎవరి ముందూ చేయి చాపకూడదని మైకులో మాట్లాడాను. 2018లో సుప్రీం కోర్టులో గెలిచాం. ఇప్పుడు నెల తిరిగేసరికి నా ఖాతాలో పెన్షన్ పడుతుంది. ధరలు పెరిగితే కరువు భత్యమూ పెరుగుతుంది. ఈ డబ్బు తాగుడుకు పెడతావా అని నన్నెవరూ అడగలేదు. ఊరికే వచ్చే డబ్బు నిన్ను చెడగొడుతుందనీ అనలేదు.

బెంగళూరు పోయినవాళ్ళ పిల్లల్ని చూసుకుంటున్న ఆ అవ్వ ఎనిమిదేళ్ళ వయసునుంచి చేలల్లో ఉంది. మా చేలోనూ కాయ పీకింది, కాయ వలిచింది. వృద్ధాప్య పెన్షన్ 200 రూపాయల దగ్గర ఏళ్ళకేళ్ళు ఆగిపోయి, 2014లో వెయ్యి అయ్యేదాకా ఆమెకు వచ్చింది అంతే. ఆ మధ్యకాలంలో కందిపప్పు ధర ఏమైందో, నూనె ధర ఏమైందో ఆమె 200కు తెలియదు. వృద్ధాప్య పెన్షన్‌లో కేంద్రం వాటా ఎనభై ఏళ్ళలోపు వాళ్ళకు ఇప్పటికీ 200 దగ్గరే ఉండిపోయింది, మిగతాది రాష్ట్రాలు వేసుకుంటున్నాయి. నేను మైకులో చెప్పిన ప్రతి మాటా ఆమెకు వర్తిస్తుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె నాకు గుర్తుకు రాలేదు.

తర్వాతి తెలివితక్కువతనం దీనికి పూర్తిగా ఎదురు దిక్కున జరిగింది. నా ఎరుకలో అదే ఎక్కువ ప్రమాదకరమైనది, ఎందుకంటే అది చూడటానికి దయలాగా ఉంటుంది.

2017 జనవరి ఆఖరున వచ్చిన ఆర్థిక సర్వేలో కేంద్రానికి అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ సార్వత్రిక కనీస ఆదాయం మీద ఒక అధ్యాయమే రాశారు. ఏడాదికి మనిషికి 7,620 రూపాయలు, అంటే నెలకు 635, జనాభాలో నాలుగింట మూడు వంతులకు ఇస్తే దేశ ఆదాయంలో ఐదు శాతంలోపే అవుతుందని లెక్క. నేను దానికి పడిపోయాను. ఉద్యోగుల సమావేశాల్లో మాట్లాడాను, మా ఉద్యోగ సంఘం పత్రికకు వ్యాసం రాశాను. రేషన్ షాపులు మూసేద్దాం, కరువు పని ఆపేద్దాం, అన్నింటి డబ్బూ కలిపి ఖాతాల్లో వేసేద్దాం అన్నాను. డీలరు తూకంలో కొట్టేయడు, ఫీల్డ్ అసిస్టెంటు చచ్చినవాళ్ళ పేర్లు మస్టర్లో రాయడు అన్నాను. సామాజిక తనిఖీల్లో బయటపడ్డ అక్రమాలను వరసగా చెప్పాను. ఆ తనిఖీలు నిజానికి మన రాష్ట్రం దేశానికి నేర్పిన పని. గ్రామసభలో మస్టరు పైకి చదువుతారు, పని చేసినవాళ్ళూ చేయనివాళ్ళూ వింటారు, మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారిని నిలబెట్టి అడుగుతారు. దొంగతనం బయటపడింది అంటే చూసే కళ్ళున్నాయని అర్థం. నేను దాన్ని పథకం మూసేయడానికి సాక్ష్యంగా చూపించాను. మా బ్యాంకులో పెద్ద అప్పులు ఎగ్గొట్టినవాళ్ళ పేర్లు ఏ ఊరి రచ్చబండ మీదా ఎవరూ చదవలేదు, బ్యాంకులు మూసేయాలని నేనూ అనలేదు.

ఆ ఉత్సాహం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. హోల్డ్ పెట్టిన సంగతి లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఖాతాల్లో డబ్బు పడిపోతే ఇంక నేను ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఏ గుట్టా ఎక్కక్కర్లేదు. పేదరికం ఒక మీట నొక్కితే తీరిపోవాలని కోరుకున్నాను, ఆ మీటకు అవతల ఉన్న మనుషులతో నాకు పని ఉండకూడదు.

అవ్వ ఒకరోజు మనవళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని బ్యాంకుకు వచ్చింది. కొడుకు బెంగళూరునుంచి డబ్బులేశాడేమో చూడమంది. వేయలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. నేను ఊళ్ళో చెబుతున్న మాటలు ఆమె దాకా పోయినట్టున్నాయి.

"బియ్యం ఎత్తేసి దుడ్లిస్తారంట గదా సామీ? నువ్వే చెప్తాండావంట. వద్దని రాయి. దుడ్డు నా కొడుకు చేతికి పోతాది. బియ్యం కుండలోకి పోతాది."

"ఖాతా నీ పేరు మీదే ఉంటుంది అవ్వా. నువ్వే తీసుకోవచ్చు."

"నా కోడలి ఖాతా నా కోడలి పేరు మీదే ఉండె గదా. తీసుకోనిచ్చినావా?"

నాకు నోట మాట రాలేదు. ఆమె గొంతు పెంచలేదు. కొంచెం ఆగి ఇంకో ప్రశ్న వేసింది. "బియ్యం రేటు పెరిగితే నీ దుడ్లు పెరుగుతాయా?"

635 రూపాయల లెక్కలో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేదు. నేను నమ్మిన పద్ధతిలో ఖాతా ఉంటే చాలు, ఇల్లు గడిచిపోతుంది. ఆ ఖాతా మీద ఎవరి చేయి ఉంటుంది, బ్యాంకు ఎంత దూరం, అరిగిపోయిన వేలిముద్రను యంత్రం గుర్తుపడుతుందా, ధర పెరిగితే ఎవరు సర్దుతారు, ఇవన్నీ బ్యాంకులోనే జీవితం గడిపిన నేను ఆలోచించాల్సిన సంగతులు.

జార్ఖండ్‌లో రాంచీ దగ్గర నగ్డీ బ్లాకులో 2017 అక్టోబరులో ఇదే ప్రయోగం చేశారు. బియ్యానికి బదులు ఖాతాలో సబ్సిడీ వేశారు. జనం ముందు బ్యాంకుకు పోయి డబ్బు పడిందో లేదో కనుక్కోవాలి, అది తీసుకుని, దానికి తమ రూపాయి కలిపి, రేషన్ షాపుకే పోయి బియ్యం కొనాలి. అదివరకు ఒక్కసారి తిరిగితే అయ్యే పనికి కూలి మానుకుని మూడు నాలుగు చోట్ల తిరిగారు. ఊళ్ళకు ఊళ్ళు ఎదురుతిరిగాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఇది చదువుతున్నప్పుడు అవ్వే గుర్తొచ్చింది.

అలాగని నగదు పనికిరాదని చెప్పబోవడం లేదు, అది ఇంకో మూర్ఖత్వమవుతుంది. మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ అనే సంస్థ యునిసెఫ్ సాయంతో 2011లో మొదలుపెట్టి ఏడాదిన్నర పాటు కొన్ని ఊళ్ళలో అందరికీ నెలనెలా నగదు ఇచ్చింది. మొదట పెద్దలకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. షరతులు లేవు. హైదరాబాదులో ఉండే శరత్ దావల ఆ పరిశోధనలో ముఖ్యులు. డబ్బు ఇవ్వని ఊళ్ళతో పోల్చి చూస్తే పిల్లల తిండి మెరుగైంది, ఆడపిల్లలు పెద్ద తరగతుల్లో నిలిచారు, మేకలూ విత్తనాలూ కొన్నారు, పని తగ్గించలేదు, తాగుడు పెరగలేదు. నేను జీవితమంతా చెప్పిన మాటకు అక్కడ ఆధారం దొరకలేదు. అయితే ఆ ఊళ్ళలో రేషన్ షాపు మూసేసి డబ్బు ఇవ్వలేదు. ఉన్నవి ఉండగా ఇచ్చారు. నేను వ్యాసం రాసినప్పుడు ఫలితాలు చెప్పి, ఈ ఒక్క సంగతీ వదిలేశాను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. బెంగళూరునుంచి ఆ అమ్మాయీ మొగుడూ కొంత దూరం నడిచి, కొంత దూరం లారీలెక్కి ఊరు చేరారు. మూడు నెలలపాటు ఆడవాళ్ళ జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 వేశారు. ఆమెది జన్‌ధన్ ఖాతా కాదు, పాత ఖాతా, అందుకని రాలేదు. జాబితాలో లేనివాడికి నగదు ఎలా అందుతుందన్న ప్రశ్న నేను అంతకుముందు వేసుకోనే లేదు. ఇంటికి బియ్యం వచ్చింది, మనిషికి ఐదు కిలోలు అదనంగా. జాబ్‌కార్డు ఉంది కాబట్టి పని అడిగారు, పని దొరికింది. ఆ ఆర్థిక సంవత్సరం దేశం మొత్తం మీద ఉపాధి హామీలో 389 కోట్ల పనిదినాలు నడిచాయి, అంతకుముందు ఏడాది 265 కోట్లు. ఎవరికి అవసరమో ఏ ఆఫీసూ ముందుగా తేల్చలేదు. అవసరమున్నవాళ్ళు వచ్చి అడిగారు, తలుపు తెరిచి ఉంది. అదే ఎండాకాలం అవ్వ మాత్రం పలుగు పట్టలేదు. ఆమెకు పెన్షనే దిక్కు. అప్పటికి 2,250, ఇంటికే తెచ్చిచ్చేవారు. ఒక్క ఇంట్లోనే మూడు దారుల్లో ఆసరా అందింది. ఏ ఒక్కటి తీసేసినా ఎవరో ఒకరు ఆకలితో ఉండేవారు. నేను తీసేద్దామన్నవి వాటిలో రెండు.

అప్పటికి నేను రిటైరయ్యాను. వాళ్ళింటికి పోయాను. హోల్డ్ నియమం ప్రకారం పెట్టింది కాదని, తెలిసే పెట్టానని ఆ అమ్మాయికి చెప్పాను. క్షమించమని అడిగాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. మొగుడివైపు చూసింది. తర్వాత అడిగింది:

"అయితే ఆ వడ్డీ ఎవరు కడతారు సామీ?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. మాట చెబితే సరిపోతుందనుకుని పోయాను. ఆమె లెక్క సిద్ధంగా ఉంది. ఐదు వేలు తెచ్చారు, నూటికి మూడు, రెండేళ్ళు. మూడు వేల ఆరు వందలు. మరుసటి రోజు తీసుకుపోయి ఇచ్చాను. లెక్కపెట్టి తీసుకుంది. అందులో కృతజ్ఞత చూపించాల్సినదేమీ లేదు, ఆమె చూపించలేదు. బెంగళూరులో పోయిన ఏళ్ళు, పిల్లలు తల్లి లేకుండా గడిపిన ఏళ్ళు ఆ లెక్కలో లేవు. వాటికి నా దగ్గర చెల్లింపు లేదు.

హామీ అన్నది చట్టంలో రాస్తే సరిపోదని బ్యాంకువాణ్ణయిన నాకంటే ఎవరికి బాగా తెలియాలి? పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు ఇవ్వకపోతే 15 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో ఎవరికీ తెలియదు, నిరుద్యోగ భృతి కాగితం మీదే ఉండిపోతుంది. ఎక్కువ ఊళ్ళలో జరిగింది అదే. 2023నుంచి రోజుకు రెండుసార్లు పనిచోట ఫోటో తీసి యాప్‌లో పెడితేనే హాజరు అన్నారు. గుట్ట మీద సిగ్నల్ లేకపోతే ఆ రోజు మన్ను మోసినట్టు రుజువు లేదు. 2024 జనవరినుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపే అన్నారు. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే కూలి ఆగుతుంది. ఇదంతా నేను పెట్టిన హోల్డులాంటిదే. మనిషిని నమ్మకపోవడం అనే జబ్బు నా ఒక్కడిది కాదని తెలిసి ఓదార్పేమీ కలగలేదు. కొన్నాళ్ళుగా పొద్దున్నే పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చుని పని అడిగే అర్జీలు రాసిస్తున్నాను. రెండు కాపీలు రాసి, రెండోదాని మీద తేదీతో సంతకం అడగమని చెబుతున్నాను. సంతకం పెట్టనంటే నేను కూడా వెంట పోతున్నాను. బ్యాంకు మేనేజరుగా పనిచేసిన మనిషి పక్కన నిలబడితే సంతకం పడుతోంది. అది కూడా అన్యాయమే, ఆమె ఒక్కతీ పోయినా పడాలి.

ఆదాయ హామీ కావాలనే ఇప్పుడూ అంటాను. ముసలివాళ్ళకు, అంగవైకల్యం ఉన్నవాళ్ళకు, బాలింతలకు నెలనెలా నగదు కావాలి, అది ధరలతోపాటు పెరగాలి, నా పెన్షన్ పెరిగినట్టే. దాని మీద ఏ బ్యాంకూ హోల్డ్ పెట్టలేని ఏర్పాటు కంప్యూటర్లోనే ఉండాలి, మేనేజరు మంచితనానికి వదలకూడదు. నాలాంటివాళ్ళు ఆ కుర్చీలో ఉంటారు. రేషన్ బియ్యం జోలికి పోకూడదు. పని అడిగే హక్కు ఏ పేరుతో ఉన్నా అడిగినవాడికి దక్కాలి.

భూమి పేరు మీద ఇచ్చే నగదు సంగతి మా ఇంట్లోనే తేలడం లేదు. తమ్ముడికి ఓపిక తగ్గింది, నేల కౌలుకిచ్చాడు. ఆ అమ్మాయీ మొగుడే చేస్తున్నారు, వేరుశనగలో కందులు కలిపి వేశారు. కేంద్రం రైతులకని ఇచ్చే డబ్బు మాత్రం పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే పడుతుంది. పెట్టుబడి వాళ్ళది, వాన రాకపోతే నష్టం వాళ్ళది, ఆదాయ హామీ మాది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలురైతుకు కార్డు ఇస్తారు, పదకొండు నెలలకు చెల్లుతుంది, దాంతో పంట రుణమూ పంట నష్టం డబ్బూ అడగవచ్చు. కాకపోతే దాని మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. పెడితే నేల పోతుందని భయపడి మా ఊళ్ళో ఎవరూ పెట్టరు. చట్టంలో నేల పోయే మాట ఎక్కడా లేదు, తమ్ముడికి చదివి వినిపించాను. నా వాటా ఆరెకరాలకు నేను సంతకం పెట్టాను. వాడు ఇంకా పెట్టలేదు.